మొదటి చాలు

మూడో క్వార్టర్‌లో ఇంకా నాలుగు నిమిషాలుండగా బంతి ఎవరి చేతుల్లోంచో జారి కోర్టు మధ్యలో దొర్లింది. దాని చుట్టూ పదిమంది ఆడపిల్లలు నిలబడి ఉన్నారు. ఒక్కొక్కరూ ఆరడుగుల ఎత్తు, దేశంలో బాస్కెట్‌బాల్ ఆడేవాళ్లలో మేటి పదిమంది. పళ్లెంలో చివరి గారె మిగిలినప్పుడు చుట్టాలు చూస్తారే, అలా చూశారు దాన్ని. మీరు తీసుకోండంటే మీరు తీసుకోండన్నట్టు. ఎవరూ వంగలేదు. బంతి తీరుబాటుగా గీత దాటి వెళ్లి ప్రకటన బోర్డుకి తగిలి ఆగింది. రిఫరీ ఈల ఊదాడు, అదీ సగం ఊపిరితోనే.

నాకు ఒళ్లు మండిపోయింది. పద్నాలుగు వేల కుర్చీలున్న స్టేడియంలో మూడు వందల మంది ఉంటే ఎక్కువ. నా వెనక వరసలో ఒకావిడ చిక్కుడుకాయలకి ఈనెలు తీసుకుంటోంది. ఇక్కడ చల్లగా ఉంటుందని వస్తానని తనే చెప్పింది. ముందు వరసలో నడివయసాయన ఒకడు ఫోన్‌లో పాత మ్యాచ్ చూసుకుంటున్నాడు. ఎదురుగా మ్యాచ్ జరుగుతుంటే స్టేడియంలోకి టికెట్ కొనుక్కుని వచ్చి, పదహారేళ్ల నాటి మ్యాచ్ చూసుకోవడం. మెడ చాచి చూశాను. ఆ తెరలో పరిగెడుతున్నది నా తమ్ముడు ఫణి. ఇరవై నాలుగేళ్ల ఫణి, జుట్టంతా చెమటతో నుదుటికి అంటుకుపోయి, ఇద్దరి మధ్యలోంచి దూరి బుట్ట కిందికి వెళుతున్నాడు. ఆయన వేలితో తెర ఆపేశాడు.

ఎందుకాపారని అడిగాను.

"రోజూ ఇక్కడితో ఆపేస్తానమ్మా. దీని తర్వాత ఆ కుర్రాడు పడిపోతాడు," అన్నాడాయన.

ఆ కుర్రాడు పడిపోవడం వల్లే ఈ స్టేడియం ఇలా తయారైందని, తయారు చేసింది నేనేనని ఆయనకి చెప్పలేదు. అప్పటికది నాకే తెలియదు.

ఇంతలో మా అమ్మాయి తరళ చేతికి బంతి అందింది. విశాఖ కెరటాలు జట్టుకి కెప్టెన్ అది. ముందు ఎవరూ లేరు. నాలుగు అంగలు వేస్తే బుట్ట. రెండు అంగలు వేసి ఆగిపోయింది. చెవి మీద చెయ్యి పెట్టుకుంది, బంతిని పక్క పిల్లకి అందించింది, బెంచి వైపు నడిచింది. పరుగు కాదు, నడకే. దాని మొహం మీద చెమట చుక్క లేదు.

దాని చెవిలో ఏం వినపడిందో నాకు తెలుసు. "చాలు" అని వినపడింది. ఆ గొంతు నాదే.

ఫణికి మడమ పైన స్నాయువు తెగిన రోజున నేను ఇదే గ్యాలరీలో ఉన్నాను. మడమ నరం అంటారు జనం దాన్ని. తెగినప్పుడు చప్పుడు పైదాకా వినపడింది, ఎవరో చెక్కపలక విరిచినట్టు. ఫణి వెనక్కి తిరిగి చూశాడు, తనని ఎవరో తన్నారనుకుని. వెనక ఎవరూ లేరు. మూడు ఆపరేషన్ల తర్వాత కూడా ఆ కాలు వాడి మాట సరిగా వినలేదు. నేనప్పటికి విశ్వవిద్యాలయంలో కండరాల మీద పరిశోధన చేస్తున్నాను. తమ్ముడి కాలు తెగుతుంటే చూస్తూ కూర్చున్న చదువు ఎందుకనిపించింది. నాలుగేళ్లు కష్టపడి పట్టీ తయారు చేశాను.

చూడ్డానికి అది చీలమండకి వేసుకునే పట్టీయే, మేజోడు కింద కనపడదు. తెగబోయే ముందు స్నాయువు లోపలి పోగులు సన్నగా కిర్రుమంటాయి. మనిషి చెవికి అందని చప్పుడు. పట్టీ దాన్ని వింటుంది. ఏ చప్పుడు దగ్గర ఆపాలో తెలిసిన పట్టీ చెవిలోని గింజంత స్పీకర్‌కి కబురు పెడుతుంది. అది "చాలు" అంటుంది. ఆ తర్వాత ఇరవై సెకన్లలో ఆటగాడు బెంచి మీద ఉండాలి. లేకపోతే ఆ కాలికి బీమా వర్తించదు. పదేళ్లుగా ఇదీ నిబంధన. పదేళ్లుగా తూర్పు తీరం లీగ్‌లో ఒక్క మడమ కూడా తెగలేదు. నాకు సన్మానాలు చేశారు. శాలువాలు బీరువా నిండా ఉన్నాయి.

తర్వాతేమయిందంటే, కోచ్‌లు లెక్క నేర్చుకున్నారు. వెనక్కి పరిగెత్తి అడ్డుకుంటే ఆ "చాలు" తొందరగా వచ్చేస్తుంది, కాబట్టి వెనక్కి పరిగెత్తడం మానేశారు. ఎగిరితే వచ్చేస్తుంది, ఎగరడం మానేశారు. దూరం నుంచి విసరడం, నడవడం, మళ్లీ విసరడం. ఆటని మమ అనిపించి ఇంటికి పోవడం. జనం కొన్నాళ్లు తిట్టారు, తర్వాత తిట్టడం కూడా మానేశారు. ఆటగాళ్లు బద్ధకిస్తున్నారని నేను పత్రికల్లో రాశాను. ఈ తరానికి ఆకలి లేదని సభల్లో మాట్లాడాను. లీగ్‌లో పిల్లలు నా వెనకాల నన్ను చాలమ్మ అని పిలుచుకుంటారని తెలిసినా పట్టించుకోలేదు. పంజాబ్ నుంచి వచ్చిన హర్లీన్ అనే పిల్ల చేరిన రెండో వారంలోనే నా దగ్గరికొచ్చి, ఇంకా ఒళ్లు వేడెక్కకుండానే ఇది ఆపమంటోంది, చెడిపోయిందేమో చూడమని అడిగింది. దానికి అరగంట పాఠం చెప్పి పంపించాను. సీజన్ అవగానే అది తిరిగి వెళ్లిపోయింది. ఆ పిల్ల మాట అప్పుడు విని ఉంటే బాగుండేది.

ఆ మ్యాచ్ మర్నాడు మధ్యాహ్నం తరళ, నేను ఫణి హోటల్‌కి భోజనానికి వెళ్లాం. స్టేడియం గేటుకి ఎదురుగానే వాడి హోటల్. కాలు పోయాక పెట్టుకున్నాడు. ఒకప్పుడు మ్యాచ్ రోజున నాలుగు వందల విస్తళ్లు లేచేవి, జనం గోడకి ఆనుకుని నిలబడి వంతు కోసం ఎదురుచూసేవాళ్లు. ఇప్పుడు ముప్పై లేస్తే గొప్ప. ఇంత జరిగినా ఫణి నన్ను పల్లెత్తు మాట అనలేదు. కాకపోతే పదేళ్లుగా ఆ గేటు దాటి లోపలికి అడుగు పెట్టలేదు, మేనకోడలి మ్యాచ్‌కి కూడా. కాలు నొప్పి అంటాడు. రోడ్డు దాటడానికి లేని నొప్పి మెట్లెక్కడానికి వస్తుందా అని నేనూ ఎప్పుడూ నిలదీయలేదు.

ఫణి స్వయంగా వడ్డిస్తున్నాడు. తరళ ముద్దపప్పు కలుపుకుంటూ మామూలుగా చెప్పేసింది. ఆదివారం గోదావరి జట్టుతో ఆఖరి మ్యాచ్ అవగానే ఆట మానేస్తుందట. కాగితం కూడా రాసేసుకుందట, సోమవారం ఇచ్చేస్తుందట.

ఇరవై రెండేళ్ల పిల్ల. ఎనిమిదో ఏటి నుంచి పొద్దున్నే లేచి బంతి పట్టుకున్న పిల్ల. నాకు నోరు ఆగలేదు. ఇప్పటి పిల్లలకి దేని మీదా నిలకడ లేదన్నాను. మీ మావయ్య కాలు తెగినా ఆడాలని ఏడ్చాడు, నీకు అన్నీ సవ్యంగా ఉండి ఏం రోగమన్నాను. పక్క టేబుల్ వాళ్లు తలలు తిప్పారు.

తరళ తిరిగి అరవలేదు. చెయ్యి విస్తట్లోనే ఉంచి నెమ్మదిగా అంది:

"నేనెప్పుడూ అలసిపోలేదమ్మా. ఒక్కసారి కూడా. నాలో ఎంతుందో నాకే తెలీదు. అక్కడిదాకా వెళ్లనివ్వకుండానే నీ గొంతు వచ్చేస్తుంది. ఇంట్లోనూ నీ మాటే, కోర్టులోనూ నీ మాటే. నాకు విసుగొచ్చేసింది."

అది నీ కాలు కాపాడ్డానికేనని అన్నాను. ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. నా మాట నాకే పాత రికార్డులా వినపడింది.

ఫణి ఈ గొడవ పట్టనట్టు సాంబారు గరిటెతో వచ్చాడు. తరళ "చాలు మావయ్యా" అంది. వాడు వేశాడు. "చాలు, చాలు" అంది. ఇంకో గరిటె వేశాడు. నా కోపం వాడి మీదికి మళ్లింది.

"అది చాలంటుంటే వినపడట్లేదా నీకు? ఎందుకలా వేసేస్తావు?"

ఫణి నా మొహంలోకి వింతగా చూశాడు. "మొదటి చాలు మర్యాదకి అక్కా. ఎవరైనా అంటారు. రెండోది మొహమాటానికి. చెయ్యి అడ్డం పెడతారు చూడు, విస్తరి మీదికి వంగి, అప్పుడు కదా ఆపాలి. మొదటి చాలుకే ఆపేస్తే హోటల్‌కొచ్చినవాళ్లు సగం కడుపుతో పోతారు," అన్నాడు. తరళ అప్పటికే సాంబారు కలుపుకుని తినేస్తోంది. దానికి నిజంగానే ఇంకా ఆకలి ఉంది.

నేను చేతిలో ముద్ద అలాగే పట్టుకుని ఉండిపోయాను.

ఎక్కడ ఆపాలో పట్టీకి నేర్పింది నేను. చప్పుళ్లు రకరకాలుంటాయి, వాటిలో ఏది హద్దో యంత్రానికి దానంతట తెలియదు, మనిషే చెప్పాలి. అందుకని పన్నెండేళ్ల కిందట నలభై ఇద్దరు ఆటగాళ్లని ప్రయోగశాలకి పిలిచి ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించాను. ఒక్కొక్కరికీ ఒకే మాట చెప్పాను, కాగితం మీద రాసి మరీ. "మీకు చాలనిపించినప్పుడు చాలని చెప్పండి." వాళ్లు చెప్పారు. ఆ క్షణాన మడమలో ఉన్న చప్పుడే హద్దని పట్టీకి నేర్పాను. నలభై ఇద్దరూ శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా ఉన్న తెలుగు పిల్లలే. పెద్దావిడ ముందు, డాక్టర్ గారి ముందు, మొదటిసారి వచ్చిన చోట, చాలు అన్నారు.

చెయ్యి కూడా సరిగా కడుక్కోకుండా లేచి వచ్చేశాను.

పాత రికార్డింగులు ప్రయోగశాల అటక మీద, ఎలకలు కొట్టిన అట్టపెట్టెలో దొరికాయి. చూసేముందు సూరప్పడికి ఫోన్ చేశాను. అప్పట్లో ట్రెడ్‌మిల్ దగ్గర నిలబడే అటెండరు అతనే. రిటైరై ఏడేళ్లయింది. గంటలో వచ్చాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఇంకా ఉద్యోగం ఉన్నట్టే.

ఇద్దరం కూర్చుని చూశాం. మొదటి కుర్రాడు పద్దెనిమిదో నిమిషంలో చాలన్నాడు. నేను తెరలో రాసుకుంటూ కనపడ్డాను. తెర పక్కనుంచి సూరప్పడి గొంతు వినపడింది. "ఇంకో రెండు నిమిషాలు బాబూ. నాకోసం." కుర్రాడు నవ్వాడు, పరిగెత్తాడు. రెండు కాదు, ఇంకో పద్నాలుగు నిమిషాలు పరిగెత్తాడు. రెండో పిల్ల పన్నెండు. మూడోవాడు ఇరవై దాటాడు. నలభై ఇద్దరిలో మొదటి చాలుకి ఆగినవాడు ఒక్కడూ లేడు. సూరప్పడు అందర్నీ అలాగే బతిమాలాడు, ఇంటికొచ్చిన అల్లుడికి కొసరి వడ్డించినట్టు.

ఇది నాకప్పుడు తెలియక కాదు. తెలిసి మండిపడ్డాను. ప్రయోగం చెడగొడుతున్నావని అతనికి మెమో ఇచ్చాను. చాలు తర్వాత ఉన్నదంతా కత్తిరించి పనికిరానిదని పక్కన పడేశాను. ఆ పనికిరానిదే ఇప్పుడు నా ఎదుట కూర్చుని నన్ను చూసి నవ్వుతోంది.

వాళ్లు నిజంగా అలసిపోయి ఉండరని నీకెలా తెలిసిందని సూరప్పణ్ణి అడిగాను.

అతను చొక్కా మడతలు సర్దుకున్నాడు. తర్వాత చెప్పాడు. "ఏటనుకోకండి అమ్మగారూ. ఆళ్లు అలిసిపోయి సాలనలేదు. మిమ్మల్ని సూసి అనేవోరు. పరీచ్చలు మూడు గంటలకి మొదలెట్టేవోరా, మూడుంబావు దాటితే మీరు గోడ మీద గడియారం కేసి సూస్తా ఉండేవోరు. పాపకి బడి వదిలే టైమని అందరికీ తెలుసు. పాపం మేడమ్ గారికి ఆలీసం అవుతాదని ఆళ్లే సాలనేసేవోరు."

పాపంటే తరళ. నాలుగింటికి బడి వదిలేవారు, పదేళ్ల పిల్ల గేటు దగ్గర ఒక్కతే నిలబడుతుందని నాకు ఆత్రంగా ఉండేది. ఆ ఆత్రం చూసి నలభై ఇద్దరు మంచి పిల్లలు ముందే ఆపేశారు. ఆ మంచితనాన్ని నేను హద్దుగా కొలిచి, యంత్రంలో పెట్టి, నా గొంతు ఇచ్చి, పదేళ్ల తర్వాత తెచ్చి అదే పిల్ల చెవిలో పెట్టాను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏడ్చాను. సూరప్పడు లేచి వెళ్లి మంచినీళ్లు తెచ్చిపెట్టాడు.

మరి నువ్వెప్పుడు ఆపేవాడివని తర్వాత అడిగాను.

"నిజంగా అయిపోయినోడు సాలు అన్లేడమ్మా. మాట రాదు. సెయ్యి సాపుతాడు, అంతే," అన్నాడు.

మళ్లీ మొదటి నుంచి వేసి చూశాం. నిజమే. చిట్టచివర, ఊపిరందక నోరు తెరుచుకుని, ప్రతి ఒక్కరూ అరచెయ్యి అడ్డంగా చాపారు. విస్తరి మీద చాపినట్టే. ఆ క్షణంలో మడమ చప్పుడు పూర్తిగా వేరుగా ఉంది, తెగే చోటుకి దగ్గరగా, ఇంకా ఇవతలే. నలభై రెండు అరచేతులు. హద్దు అదీ. అరచెయ్యి లేవడానికి కొద్దిగా ముందుకి గీత జరిపి కొత్త కొలత కట్టడానికి రెండు రోజులు పట్టింది.

లీగ్ కార్యదర్శి చక్రపాణి గారు ఎంతో మర్యాదస్తుడు, అదే ఆయనతో వచ్చిన చిక్కు. నా తప్పంతా ఆయన గదిలో కూర్చుని చెప్పాను. కాఫీ ఇప్పించాడు. చూద్దాం మేడమ్ అన్నాడు. పదేళ్ల కొలత తప్పని బయటికి చెబితే లీగ్ పరువేం కావాలన్నాడు, బీమా వాళ్లకి ఏం చెప్పాలన్నాడు, వచ్చే సమావేశంలో పెడదామన్నాడు. వచ్చే సమావేశం ఎప్పుడంటే మూడు నెలలకి. అప్పటికి జట్లు ఉంటాయా అంటే మళ్లీ చూద్దాం అన్నాడు. అరిచి గీపెట్టినా ఆ మనిషి మొహంలో చిరునవ్వు చెదరలేదు. ఆటలో పోయిన ప్రాణం ఆఫీసులో ఎక్కడుంటుందని నాలో నేను తిట్టుకుంటూ బయటపడ్డాను.

అయితే పట్టీ కొలత సరిచేసే అధికారం నాకే ఉంది. నిబంధనల్లో అలాగే రాసుంది, పదేళ్లుగా ఆ అవసరం రాలేదంతే. పొరపాటు నాదని, ఎలా జరిగిందో వివరంగా రాసి, సంతకం చేసి, రెండు జట్ల కోచ్‌లకి, ఆటగాళ్లకి, పత్రికలకి, బీమా వాళ్లకి కూడా పంపించాను. ఆదివారం నుంచి కొత్త కొలత అని రాశాను. ఇష్టం లేనివాళ్లు ఆడక్కర్లేదన్నాను. చక్రపాణి గారు బుధవారం విచారణ అని జవాబు పంపారు, చివర్న నమస్కారాలతో.

శనివారం సాయంత్రం ఒక్కదాన్నే ఫణి దగ్గరికి వెళ్లాను. హోటల్ ఖాళీగా ఉంది. వాడు కాలు స్టూల్ మీద పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. కొత్త కొలతలోనూ నేను పొరబడి ఉంటే, రేపెవరి కాలైనా తెగితే, అది తరళ కాలే అయితే అని వాడి దగ్గర బయటపడ్డాను. నీలాగా ఇంకొకళ్లు కూర్చోకూడదనే కదా ఇదంతా చేశానన్నాను.

ఫణి కాలు స్టూల్ మీంచి దించాడు. మాట్లాడినప్పుడు వాడి గొంతులో పదహారేళ్ల విసుగు ఉంది.

"ఆ రోజు నన్నెవరూ పరిగెత్తించలేదక్కా. నేనే ఆగలేదు. ఆ ఆట నాకు అంత బాగుంది. కాలు పోయిందని నువ్వు ఊరందరికీ చెప్పావు. ఎలా అనిపించిందిరా ఆ రోజని నన్నొక్కసారీ అడగలేదు."

నిజంగానే అడగలేదు. అప్పుడు పట్టీ ఉండి ఉంటే, సరైన చోట చెప్పి ఉంటే ఆగేవాడివా అని మాత్రం అడిగాను.

"ఆగేవాణ్ణి అనే అనుకుంటాను. అంత దూరం వెళ్లాక చెబితే ఎవరైనా వింటారు. మొదట్లోనే చెబితే ఎవడు వింటాడు?" అన్నాడు. తర్వాత లేచి, నేనొద్దంటున్నా, పెరుగన్నం తెచ్చి పెట్టాడు.

ఆదివారం సాయంత్రం నాలుగింటికి మ్యాచ్. పత్రికల్లో నా ఉత్తరం చూసి కొంతమంది వచ్చారు, ఎవరి కాలు తెగుతుందో చూద్దామని వచ్చినవాళ్లూ వాళ్లలో ఉండే ఉంటారు. రెండు వేలుంటారేమో. చిక్కుడుకాయలావిడ వచ్చింది, ఈసారి గోరుచిక్కుడుతో. ఫోన్ ఆయనా తన చోట తనున్నాడు. సూరప్పడు నా ఎడమ పక్కన కూర్చున్నాడు. మ్యాచ్ మొదలవబోతుండగా మెట్ల మీద కర్ర చప్పుడైంది. ఫణి ఒక్కొక్క మెట్టూ ఎక్కి వచ్చి నా కుడి పక్కన కూర్చున్నాడు. హోటల్ ఎవరు చూస్తున్నారని అడిగితే తాళం వేశానన్నాడు.

మొదటి క్వార్టర్ చూస్తే నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. పదేళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది? చెవిలో ఏమీ వినపడకపోయినా, పాత చాలు వచ్చే సమయానికి ఒక్కొక్కరూ తమంతట తాము నెమ్మదించి బెంచి వైపు చూస్తున్నారు. తరళ కూడా. కోర్టు మధ్యలో ఆగి, చెవి మీద చెయ్యి పెట్టుకుని, రాని మాట కోసం ఎదురుచూసింది. రాలేదు. గ్యాలరీలో నన్ను వెతికింది. నేను కదల్లేదు.

రెండో క్వార్టర్ మధ్యలో మళ్లీ అదే జరిగింది. బంతి జారి, అదే కోర్టు మధ్యలోంచి గీత వైపు దొర్లుకుంటూ పోయింది. అందరూ చూస్తున్నారు. తరళ కూడా చూసింది. తర్వాత ఏమనుకుందో, బంతి మీదికి దూకేసింది. నేల మీద పొడుగ్గా జారి, మోచెయ్యి కొట్టుకుని, బంతిని పొట్టకి అదుముకుంది. గోదావరి పిల్ల ఒకతి వెంటనే దాని మీద పడింది. ఇద్దరూ బంతి కోసం గుంజుకున్నారు. రిఫరీ ఈల ఊదడం మరిచిపోయి చూస్తున్నాడు. ముందు వరసాయన ఫోన్ బోర్లా పెట్టేశాడు.

ఆ తర్వాత నేను చెప్పలేను. నేను శాస్త్రం చదువుకున్నదాన్ని, ఆట చెప్పడం రాదు. వెనక్కి పరిగెత్తారు, ఎగిరారు, ఒకళ్లనొకళ్లు గుద్దుకున్నారు, పాయింట్లు తారుమారయ్యాయి. జనం ముందు గొణిగారు, తర్వాత అరిచారు. గోరుచిక్కుళ్లు నా జుట్టులో పడ్డాయి. ఫణి కర్ర పిడిని పిండేస్తున్నాడు. నా ఒళ్లో కంప్యూటర్ పలక ఉంది, పదిమంది మడమల చప్పుళ్లూ దాని మీద గీతలుగా కదులుతున్నాయి. నాలుగో క్వార్టర్‌కి తరళ గీత అందరికన్నా పైకి పాకింది. కోర్టులో దాని మొహం చూశాను. జుట్టంతా నుదుటికి అంటుకుపోయి, నోరు తెరుచుకుని, కళ్లు వెలిగిపోతూ ఉంది. అలాంటి మొహం నేను ఒకే ఒక్కసారి చూశాను, పదహారేళ్ల కిందట, తమ్ముడిది.

ఇంకా నలభై సెకన్లున్నాయి. మేము ఒక పాయింటు వెనక. బంతి తరళ చేతికే వచ్చింది. గ్యాలరీ మొత్తం లేచి నిలబడింది. పలక మీద గీత హద్దుకి వెంట్రుకవాసి దూరంలో ఉంది, ఇంకా తాకలేదు. నా గొంతులోకి మాట వచ్చింది, నిజం గొంతులోకి, యంత్రంలోది కాదు. అరుద్దామని నోరు తెరిచాను. ఫణి నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. అరవొద్దన్నట్టు.

తరళ ఒక అంగ వేసింది. ఆగింది. బంతిని పక్క పిల్లకి విసిరేసి, కోచ్ వైపు తిరిగి, అరచెయ్యి అడ్డంగా చాపింది.

సూరప్పడు నా పక్కన "అద్దీ" అన్నాడు, మెల్లగా.

అది కుంటలేదు. కాళ్లు వణుకుతున్నాయి, అయినా తన కాళ్ల మీద తనే నడిచి వెళ్లి బెంచి మీద కూలబడింది. అరచెయ్యి చాపిన ఎనిమిది సెకన్లకి, బెంచికి చేరీచేరకుండానే, దాని మడమ దగ్గర గీత హద్దు తాకి, నా పలక ఎర్రగా వెలిగింది. నా గొంతు దాని చెవిలో చాలు అనే ఉంటుంది. తరళ తలెత్తి నా వైపు చూసి ఏదో అంది. ఆ గోలలో వినపడలేదు. కోర్టులో పెదాలు చదవడం అలవాటైన ఫణి నాకు చెప్పాడు.

"తెలుసమ్మా అంటోంది."

మ్యాచ్ ఒక్క పాయింటుతో పోయింది. పోయాక కూడా జనం కూర్చునే ఉన్నారు, ఎవరికీ లేవాలని లేదు. తరళ గ్యాలరీ దగ్గరికొచ్చి కమ్మీ పట్టుకుని నిలబడింది, పైకి రావడానికి దాని వల్ల కాలేదు. మేమే దిగాం, ఫణి అందరికన్నా నెమ్మదిగా. అలసిపోయానమ్మా అని చెప్పింది, పిల్లలు ఫస్టు వచ్చామని చెప్పినట్టు. నేను ఆపుకోలేక సోమవారం కాగితం సంగతి అడగబోయాను. అది వినలేదు. నా మీదుగా వెనక్కి చూస్తోంది.

"మావయ్యా, తాళం తియ్యి. ఆకలేస్తోంది," అంది.